చెయ్యి వణికించే మందు

ఆమె మొదటిసారి నా మందుల షాపుకు వచ్చినప్పుడు పదమూడేళ్ళది. వచ్చింది అనకూడదు, వాళ్ళ నాన్న భుజం మీద వేసుకుని తెచ్చాడు. నడవలేక కాదు. పెద్దాసుపత్రి నుంచి నా షాపు దాకా నాలుగు వీధులు నడిపిస్తే దారిలో మళ్ళీ ఎక్కడ పడిపోతుందోనని ఆయన భయం. అంత ఎదిగిన పిల్లను మోసుకొస్తుంటే వీధంతా తిరిగి చూసింది. ఆ పిల్ల సిగ్గుతో తల తండ్రి మెడలో దాచేసుకుంది. చీటీ మీద ఫినోబార్బిటోన్ అని ఉంది. మాత్రలు కవరులో వేసి ఇస్తూ, రోజూ ఒకే వేళకు వెయ్యాలి, ఒక్కపూట కూడా మానకూడదు అని చెప్పాను. మూర్ఛ మందు కొనేవాళ్ళందరికీ ఆ మాట చెబుతాను. చెప్పడానికేం, తేలికే.

వాళ్ళ నాన్న షాపుల బోర్డులు రాసేవాడు. మా వీధిలో అందరం ఆయన్ని దీర్ఘాల మేస్త్రి అనేవాళ్ళం. ఎవరైనా రాసిన బోర్డులో దీర్ఘం ఎగిరిపోతే ఆయనకు ముద్ద దిగేది కాదు. సంచిలో చిన్న రంగు డబ్బా, సన్న కుంచె ఎప్పుడూ ఉండేవి. 'కుట్టు మిషన్లు బగు చేయబడును' అని ఒకచోట కనబడితే, మర్నాడు పొద్దున్నే షట్టరు లేవకముందే వెళ్ళి ఆ 'బ'కు దీర్ఘం పెట్టేసి వచ్చాడు. ఆ షాపతను మూడు రోజులు తన బోర్డు వంక చూసి, ఏదో మారిందని అనుమానపడి, ఏం మారిందో తెలియక, చివరికి నా దగ్గరికొచ్చి కళ్ళకు చుక్కలమందు అడిగాడు.

పిల్లకు నాలుగేళ్ళప్పుడే తల్లి పోయింది. ఇంట్లో ఇద్దరే. మొదటి మూర్ఛ ఇంట్లోనే వచ్చింది. పిల్ల కళ్ళు తేలేసి కొట్టుకుంటుంటే నాలుక కొరుక్కుంటుందేమోనని ఆయన గరిటె కాడ పళ్ళ మధ్య పెట్టి నొక్కాడు. ముందు పన్ను సగానికి విరిగింది. నోట్లో ఏమీ పెట్టకూడదని, పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆగేదాకా కాచుకుని ఉండటమే చెయ్యాల్సిందని ఆయనకు అప్పటిదాకా చెప్పినవాళ్ళు లేరు. నేను చెప్పేసరికి పన్ను పోయింది. ఆ సగం పన్ను చూసినప్పుడల్లా ఆయన తల దించుకునేవాడు.

ఫినోబార్బిటోన్ పిల్లను నిద్రలో ముంచేసింది. బడిలో బల్ల మీద తల వాల్చేది. పంతుళ్ళు నిద్రమొహం అన్నారు, తోటిపిల్లలు అంతకంటే చెడ్డ పేర్లు పెట్టారు. రెండేళ్ళు పరీక్షలు తప్పి, పదిహేనో ఏట బడి మానేసింది. తరువాత డాక్టర్లు ఫెనిటాయిన్‌కు మార్చారు. నెలకు ఎనిమిదిసార్లు వచ్చే మూర్ఛ రెండుకు తగ్గింది గాని, చిగుళ్ళు ఉబ్బి పళ్ళను సగం కప్పేశాయి. నోరు మూసుకుని నవ్వడం అప్పుడే నేర్చుకుంది. పంతొమ్మిదో ఏట పెద్దాసుపత్రిలో గురువారం గురువారం కూర్చునే నరాల డాక్టరమ్మ వాల్‌ప్రోయేట్ రాసింది. దాంతో మూర్ఛలు ఆగిపోయాయి.

ఒక నెల రాలేదు. రెండు నెలలు రాలేదు. ఏడాది తిరిగింది. మేస్త్రి నా షాపు ముందునుంచి పోతూ, ఆగకుండానే, "నాలుగొందల పన్నెండు" అనేసి పోయేవాడు. మూర్ఛ లేని రోజుల లెక్క అది. నాకు తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఆ మందుకు పిల్ల ఒళ్ళు చేసింది, జుట్టు పలచబడింది. అది చూసుకుని ఏడిస్తే ఆయన, అక్షరానికి ఒళ్ళుంటేనే కదమ్మా దూరం నుంచి కనబడేది అన్నాడట. ఆ మాట ఆమే నాకు చెప్పి, నోరు మూసుకుని నవ్వింది.

బడి మానేసిన దగ్గర్నుంచి తండ్రి పక్కనే కూర్చుని పని నేర్చుకుంది. సుద్ద పూసిన దారం లాగి గోడ మీద గీత కొట్టడం, రంగులో టర్పెంటైన్ ఎంత కలిపితే కారకుండా జారుతుందో చూసుకోవడం, కుంచె వెంట్రుకలు నాలుకతో కాదు వేళ్ళతో సవరించడం. మన అక్షరాలన్నీ గుండ్రాలు. గుండ్రం వేళ్ళతో రాదు, భుజం నుంచి రావాలి, మొదలెట్టాక ఆగకూడదు అనేవాడు ఆయన. ఆమె ఇరవై రెండో ఏట ఒక బోర్డు రాస్తే ఆయన చాలాసేపు చూసి, "నా 'క్ష' కంటే నీ 'క్ష' బాగుంది" అన్నాడు. ఆయన జీవితంలో ఇంకొకరి అక్షరాన్ని మెచ్చుకోవడం నేను విన్నది అదొక్కసారే. అప్పటినుంచి ఆమెకు మా వీధిలో బోర్డులమ్మాయి అని పేరు స్థిరపడింది. వయసు ముదిరినా అమ్మాయి పోలేదు.

ఒకటి రెండేళ్ళకు మేస్త్రి మోకాళ్ళు మొరాయించాయి. నిచ్చెన ఎక్కడం ఆమె వంతు అయింది.

ఎత్తుకు ఎక్కకూడదు, నిప్పు దగ్గరికి పోకూడదు, నీళ్ళలో దిగకూడదని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. ఆ మూడూ మానేస్తే ఇక మిగిలేది మంచమే కదా అన్నయ్యా అని నాతో అంది ఆమె. తండ్రీకూతుళ్ళు తమలో తాము ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ఆమె పైన ఉన్నంతసేపూ ఆయన రెండు చేతులా నిచ్చెన పట్టుకోవాలి. దారినపోయేవాళ్ళు పలకరిస్తే తల ఊపాలి గాని మాట్లాడకూడదు. ఈగ వాలినా చెయ్యి తియ్యకూడదు. మూర్ఛ వచ్చేముందు ఆమెకు రబ్బరు కాలిన వాసన వచ్చేది. ఆ వాసనకూ ఒళ్ళు తెలియకపోవడానికీ మధ్య నాలుగైదు క్షణాలు ఉండేవి. ఆ నాలుగైదు క్షణాల్లో రెండు మెట్లయినా దిగగలనని ఆమె ధైర్యం.

చిన్నప్పటి మూర్ఛలు ఎక్కువగా ఇంట్లోనే వచ్చేవి గనక, ఈ సంగతి వీధిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే నిచ్చెన పని ఎవరూ ఇవ్వరు. మధ్యలో ఒక సంబంధం వచ్చింది. మేస్త్రి దాచకుండా మొత్తం చెప్పేశాడు. వాళ్ళు మంచినీళ్ళు తాగి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆయన బాధపడుతుంటే ఆమె, పోన్లే నాన్నా, వాళ్ళింటి పేరులో అన్నీ ఒత్తులే అని ఊరుకోబెట్టింది.

ముప్పై ఒకటో ఏట, పన్నెండేళ్ళ తరువాత, విషజ్వరంలో ఉండగా మూర్ఛ మళ్ళీ వచ్చింది. స్నానాల గదిలో పడి కనుబొమ్మ చిట్లింది. మేస్త్రి ఆ రోజు నా షాపు ముందు ఆగాడు గాని అంకె ఏదీ చెప్పలేదు. డాక్టరమ్మ మోతాదు పెంచింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి ఉండే మాత్రలు రెండేసి అయ్యాయి. మూర్ఛలు ఆగిపోయాయి. చెయ్యి వణకడం మొదలైంది.

ఊరికే కూర్చున్నప్పుడు ఏమీ ఉండేది కాదు. గ్లాసు అందుకోబోతేనో, చిల్లర తీసివ్వబోతేనో వేళ్ళు సన్నగా కంపించేవి. కుంచె ఎత్తితే ఇంకా ఎక్కువ. లావు అక్షరాలకు పెద్దగా తెలిసేది కాదు. తలకట్టు చివర, కొమ్ము మెలిక, దీర్ఘం తోక, అలాంటి సన్నగీతల దగ్గర బయటపడేది. మణికట్టు కింద ఒక కర్ర ఆనించుకుని, ఊపిరి బిగబట్టి రాసేది. ఒక బట్టల షాపతను బోర్డు చూసి, "ఏంటమ్మా ఇది, అక్షరాలు నీళ్ళలో ముంచి తీసినట్టున్నాయ్" అన్నాడు. అతని ముందే టర్పెంటైన్ గుడ్డతో మొత్తం తుడిచేసింది. ఇంకో రెండు బోర్డులకూ అంతే అయింది. ఇంట్లో గోడకు చేర్చిన బోర్డుల ముందు మేస్త్రి సాయంత్రమంతా కూర్చునేవాడట. ఊళ్ళోవాళ్ళ దీర్ఘాలన్నీ దిద్దిన మనిషి కూతురి వంకరగీతల గురించి ఒక్క ముక్క అనలేదు. తిట్టినా బాగుండేది అన్నయ్యా అంది నాతో.

ఇది మందు వల్లేనా అని అడిగింది. అవును, మోతాదు పెరిగితే కొందరికి చెయ్యి వణుకుతుంది, డాక్టరమ్మకు చెప్పు అన్నాను. రెండు గురువారాలు డాక్టరమ్మ సెలవు. మూడో గురువారం కలిసింది. డాక్టరమ్మ ఓపిగ్గా విన్నది, చెయ్యి చాపించి చూసింది, కాగితం మీద సుడి గీయించి చూసింది. వేరే మందు ఉంది, దానితో చెయ్యి వణకదు అని చెప్పింది. కాని ఒక్కసారిగా మార్చడం కుదరదు. ఒకటి కొంచెం కొంచెం తగ్గిస్తూ, రెండోది కొంచెం కొంచెం పెంచుతూ పోవాలి. నెలన్నర పడుతుంది. ఆ నెలన్నర ఎప్పుడైనా మూర్ఛ రావచ్చు.

"ఆ నెలన్నర నిచ్చెన మాటే వద్దంటున్నారు అన్నయ్యా." నా కౌంటరు మీద చేతులు ఆనించి చెప్పింది. వణుకు కనబడకుండా ఆనించిందని నాకు తెలుసు. "నెలన్నర మేం కనబడకపోతే అందరూ ఫ్లెక్సు షాపుకే పోతారు. ఆ మిషనుకు చెయ్యి వణకదుగా. కాస్త పని తెరిపి ఇచ్చాక మారుస్తాలే."

ముందు నుయ్యి వెనుక గొయ్యి అంటారు. ఆమెకు ముందు నిచ్చెన, వెనుక కుంచె. ఎక్కువ ఆలస్యం చెయ్యకు అని మాత్రం అన్నాను. వెనకాల ఇద్దరు నిలబడి ఉన్నారు, వాళ్ళ చీటీలు అందుకున్నాను.

తరువాత సంగతి ఆమే చెప్పగా నాకు తెలిసింది. డాక్టరమ్మ వద్దన్న పనే, డాక్టరమ్మకు చెప్పకుండా చేసింది. పొద్దుటి రెండు మాత్రలూ మానేసి రాత్రివి మాత్రం వేసుకుంది. వారం భయపడింది. ఏమీ కాలేదు. మూడో వారానికి చెయ్యి కుదురుకుంది. గీత మళ్ళీ భుజం నుంచి రావడం మొదలైంది.

అది నేను కళ్ళారా చూశాను. నా షాపు అద్దం తలుపు మీద 'ఇక్కడ బి.పి. చూడబడును' అని రాయించుకున్నాను. చేతి కింద కర్ర లేదు. 'డ' మెలిక ఒక్క ఊపులో తిప్పింది. చెయ్యి భేషుగ్గా ఉందే అన్నాను. అలవాటైపోయింది అంది. నేను సంతోషించాను.

నెలకు ఒకసారి వచ్చే మనిషి ఆ తరువాత రెండు నెలలకు వచ్చింది. నాకు గుర్తుంది. ఏమ్మా, ఈమధ్య కనబడటం లేదేం అని అడిగాను. ఆసుపత్రిలోనే ఇచ్చారు అంది. ఆసుపత్రిలో ఆ మందు రెండు నెలల నుంచి లేదు. లేకే కదా, అక్కడివాళ్ళందరూ చీటీలు పట్టుకుని నా షాపుకు వస్తున్నారు. ఆ సంగతి ఆ క్షణంలోనే నా బుర్రలో తట్టింది. అంటే ఈ పిల్ల మందు సరిగా వేసుకోవడం లేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. ఇంతలో ఫోను మోగింది. ఫోను పెట్టేసేసరికి ఆమె వీధి దాటుతోంది. మళ్ళీ వచ్చినప్పుడు అడుగుదామనుకున్నాను.

ఊరి చివర ఒక పెద్ద బడి కట్టారు. ప్లాస్టిక్ అక్షరాలు గాలికి ఊడిపోతాయని, గోడ మీద రంగుతోనే రాయించాలని హెడ్మాస్టరు పట్టుబట్టాడు. మనిషి నడుమెత్తు అక్షరాలు, మొత్తం పదమూడు. ఇరవై అడుగుల నిచ్చెన. మా వైపు అంత పెద్ద పని చాలా ఏళ్ళుగా ఎవరికీ దొరకలేదు. మేస్త్రి పదేళ్ళు చిన్నవాడైనట్టు తిరిగాడు. నా షాపు ముందు ఆగి, ఒక్కో అక్షరం ఎంత వెడల్పో చేతులు చాచి చూపించాడు.

ఆరు రోజుల్లో తొమ్మిది అక్షరాలు అయ్యాయి. ఏడో రోజు పొద్దున పది గంటలప్పుడు ఆమె పన్నెండడుగుల ఎత్తున పదో అక్షరం మొదలుపెట్టింది. కింద మేస్త్రి రెండు చేతులా నిచ్చెన పట్టుకుని ఉన్నాడు. బడి వాచ్‌మన్ గేటు దగ్గర కూర్చుని చూస్తున్నాడు. మిగతాదంతా అతను చెప్పిందే. ఆమె ఉన్నట్టుండి కుంచె వదిలేసి నిచ్చెన కర్రను కావలించుకుంది. "నాన్నా, తప్పుకో, తప్పుకో" అని రెండుసార్లు అరిచింది. ఒక మెట్టు దిగింది. రెండో మెట్టు మీద కాలు ఆనలేదు. ఒళ్ళు విల్లులా వెనక్కి వంగిపోయి, నిచ్చెన నుంచి విడిపోయింది. మేస్త్రి అప్పుడు మొదటిసారి నిచ్చెన వదిలాడు. పక్కకు తప్పుకోవడానికి కాదు. సరిగ్గా ఆమె కిందికి జరిగి చేతులు చాచాడు.

ఆయనకు అరవై తొమ్మిదేళ్ళు. గట్టిగా గాలి వీస్తే తూలే మనిషి.

వాచ్‌మన్ పరుగెత్తుకెళ్ళేసరికి ఆమె తండ్రి ఛాతీ మీద పడి ఇంకా కొట్టుకుంటోంది. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగి వేలాడుతోంది. ఆ స్థితిలో కూడా ఆయన ఆమె తలను పక్కకు తిప్పి పట్టుకుని ఉన్నాడట. నోట్లో ఏమీ పెట్టకు అని వాచ్‌మన్‌తో అన్నాడట.

ఆయన పక్కటెముకలు నాలుగు విరిగి ఒకటి ఊపిరితిత్తిలో దిగింది. వెన్నుకూ దెబ్బ తగిలి కాళ్ళలో స్పర్శ పోయింది. పెద్దాసుపత్రిలో ఆరు రోజులు ఉన్నాడు. ఒళ్ళు కదలకపోయినా తెలివి మాత్రం పోలేదు. పోలీసాయన కాగితం పట్టుకుని వచ్చాడు. మేస్త్రి ఊపిరి కూడదీసుకుని, "నాదే తప్పు బాబూ. మెడ మీద ఏదో కుట్టింది, ఒక చెయ్యి తీశాను. నిచ్చెన జారింది" అన్నాడు. హెడ్మాస్టరుకూ అదే చెప్పాడు. నేను చూడటానికి వెళితే నాకూ అదే చెప్పాడు. నాకు మూర్ఛ సంగతి తెలుసని ఆయనకు తెలుసు. అయినా నా కళ్ళలోకి సూటిగా చూసి చెప్పాడు. నేను తల ఊపాను. వాచ్‌మన్ కూడా ఎందుకో ఆ మాటకు అడ్డం రాలేదు.

నాలుగో రోజు ఆమె చేతికి కట్టుతో మంచం పక్కన కూర్చుని, పొద్దుటి మందు మానేశానని తండ్రికి చెప్పేసింది.

"తెలుసు" అన్నాడు ఆయన. "నీ గీత చూస్తే తెలియదా నాకు? బాగుంది కదా అని ఊరుకున్నాను తల్లీ."

ఆరో రోజు మధ్యాహ్నం పోయాడు.

వీధిలో పదిమందీ పదిరకాలుగా అనుకున్నారు. అందరి మాటా చివరికి ఒక్కచోటుకే చేరేది. ఈ వయసులో నిచ్చెన పట్టుకోవడానికి ఎందుకు పోయాడు, పట్టు లేని చేతులతో కూతురి ప్రాణం మీదికి తెచ్చాడు, తను పోయాడు అని. ముసలాయనను తిట్టినట్టు కాదు, జాలిగానే. ఆ జాలి ఆమె మూడు వారాలు భరించింది.

హెడ్మాస్టరు మిగిలిన నాలుగు అక్షరాలకు వేరే మనిషిని మాట్లాడుకుని, ఆమె సామాను తీసుకుపొమ్మని కబురు పెట్టాడు. నన్ను తోడు రమ్మంది. బడి వరండాలో పంతుళ్ళు నలుగురైదుగురు ఉన్నారు. హెడ్మాస్టరు మంచివాడే. కుర్చీ వేయించి, ఓదారుస్తున్నాననుకుని, మీ నాన్న ఒక్క క్షణం ఏమరుపాటుగా ఉండటం వల్ల ఎంత పని జరిగిందమ్మా అన్నాడు.

ఆమె కూర్చోలేదు. "మా నాన్న ఏమరుపాటుగా లేడండీ. ఏడేళ్ళలో ఒక్కసారి కూడా నిచ్చెన వదల్లేదు. నాకు మూర్ఛ ఉంది. పదమూడో ఏటినుంచీ ఉంది. చెయ్యి వణుకుతోందని మందు సగం మానేశాను. నేను పడింది అందుకు. ఇది నలుగురికీ చెప్పండి."

ఒక పంతులమ్మ రెండడుగులు వెనక్కి వేసింది, తెలియకుండానే అయ్యుంటుంది. ఆమె ఎడమచేత్తో రంగు డబ్బాలు సంచిలో వేసుకుంది. నేను నిచ్చెన మోసుకొచ్చాను.

ఆ మాట సాయంత్రానికల్లా వీధంతా పాకింది. మేస్త్రి మీద పడ్డ మచ్చ పోయింది. ఆమెకు పని కూడా పోయింది. ఇరవై ఏళ్ళుగా ఎరిగినవాళ్ళు కూడా ఇంట్లోకి పిలవడం తగ్గించారు. పెళ్ళికెదిగిన పిల్లలున్న పక్కింటివాళ్ళు గోడ ఎత్తు పెంచుకున్నారు, గాలికి అంటుకునే జబ్బు అన్నట్టు. నేను నలుగురితో వాదించాను. వినేవాళ్ళు విన్నారు, ఎక్కువమంది వినలేదు.

డాక్టరమ్మ కొత్త మందుకు మార్చింది, లెవెటిరాసెటమ్. నెలన్నర పట్టింది. నిచ్చెన ఎక్కే పని ఎటూ లేదు గనక అది సాఫీగానే జరిగిపోయింది. డాక్టరమ్మ మాట నిజమే, ఆ మందుతో చెయ్యి వణకడం ఆగిపోయింది. అయితే మణికట్టు ఎముక వంకరగా అతుకుపడింది. చెయ్యి నిలకడగా ఉంటుంది, తిరగదు. గుండ్రం రాయాలంటే తిరగాలి. మళ్ళీ విరగ్గొట్టి సరిచేస్తామన్నారు, చేసినా సగమే నమ్మకం అన్నారు. ఆమె ఒప్పుకోలేదు.

రెండేళ్ళు ఎడమచేత్తో సాధన చేసింది. పాత దినపత్రికల మీద, పలకల మీద. ఇప్పుడు ఇంట్లో బల్ల ముందు కూర్చుని తలుపులకు తగిలించే పేర్ల పలకలు, ఇంటి నంబర్లు, బళ్ళ నంబరు ప్లేట్లు రాస్తుంది. అంకెలైతే కుదురుతాయి. పేర్లు కూడా తప్పుల్లేకుండా ఉంటాయి. చదువుకోవడానికి పనికొస్తాయి అన్నయ్యా, అంతే అంటుంది. నేను ఒకప్పటి ఆమె గీత చూసినవాణ్ణి. బడి గోడ మీద మిగిలిన నాలుగు అక్షరాలు ఎవరో రాశారు. అటు వెళ్ళాల్సి వస్తే చుట్టుదారిలో పోతుందని వాచ్‌మన్ చెప్పాడు.

మూర్ఛ రాక నాలుగేళ్ళయింది. ఆ రోజులు ఎవరూ లెక్కపెట్టడం లేదు. నెలకోసారి, చెప్పిన తేదీకి, మాత్రలు అయిపోకముందే వస్తుంది. నేను మూర్ఛ మందు కొనేవాళ్ళ ఫోను నంబర్లు రాసి ఉంచుకుంటున్నాను. తేదీ దాటితే ఫోను చేస్తాను. కొందరు విసుక్కుంటారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే, నాకు తెలుసు.

ఈ కొత్త మందుకు ఒక గుణం ఉంది. కొందరికి ఉత్తిపుణ్యానికే కోపం తెప్పిస్తుంది. ఆమెకూ వస్తుంది. ఒకసారి షాపులో ఇద్దరు ముగ్గురు ఉండగానే కౌంటరు మీద అరిచేత్తో కొట్టింది.

"ఆసుపత్రిలో మందు లేదని నీకు తెలుసు కదా. నేను అబద్ధం చెబుతుంటే నీకు తెలిసింది కదా. ఎందుకడగలేదు?"

ఫోను మోగిందని చెప్పలేకపోయాను. మాత్రలు కవరులో పెట్టి ఇచ్చాను. ఆమె తీసుకుని వెళ్ళిపోయింది. వచ్చే నెల మళ్ళీ మామూలుగా వచ్చింది, ఏం అన్నయ్యా బాగున్నావా అంది. అప్పటినుంచి ఏడాదికి రెండు మూడుసార్లయినా ఆ ప్రశ్న వస్తూనే ఉంది. అది మందు వల్ల వచ్చే కోపమని, మనసులో పెట్టుకోవద్దని డాక్టరమ్మ నాతో అంది. కొంత మందు వల్లే కావచ్చు.